రాజీనామా ఎవరి అవసరం?

తెల్లవారుజామున ఐదు దాటేసరికి పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం కూడళ్లలో టిఫిన్ బాక్సుల సంచులు పట్టుకుని మనుషులు గుంపులుగా నిలబడి ఉంటారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో 'ఏ' షిఫ్టుకు వెళ్లేవారు కొందరు, పరవాడ ఫార్మాసిటీ బస్సుల కోసం చూసేవారు కొందరు, అచ్యుతాపురం సెజ్ దాకా పోవలసినవారు ఇంకొందరు. పెందుర్తి శాసనసభ నియోజకవర్గం పరుచుకున్న తీరే అలాంటిది: ఈ చివర కాలనీలు, ఆ చివర పరవాడలో రియాక్టర్లు. బస్సు వచ్చేలోపు దొర్లే కబుర్లలో జీతం ఇంకా పడలేదన్నది ఒకటి, సూపర్‌వైజర్ నోటికొచ్చినట్టు తిట్టాడన్నది ఒకటి, ఓటీ డబ్బులు మింగేశారన్నది ఒకటి. ఆఖరికి ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారు: "మానేద్దామనే ఉంది గానీ, ఏటి చేస్తాం!"

ఆ మాటకు ఇంట్లో ఒక జవాబు, బయట ఒక జవాబు సిద్ధంగా ఉంటాయి. "ఎక్కడికెళ్లినా ఇదే గొడవ నాయనా, ఓర్చుకో" అంటారు పెద్దవాళ్లు. "అంత పడాల్సిన ఖర్మేంట్రా, లెటర్ మొహాన కొట్టి వచ్చెయ్" అంటారు స్నేహితులు. రెండూ ప్రేమతో చెప్పేవే. రెండింట్లోనూ ఒక ప్రశ్న మాత్రం ఎగిరిపోతోంది. ఆ లెటర్ ఎవరికి కావాలి? అన్యాయం జరుగుతున్న చాలా చోట్ల రాజీనామా అవసరం ఉద్యోగి కన్నా యాజమాన్యానికే ఎక్కువ. ఆ సంగతి తెలియక చాలామంది తమ సంతకాన్ని ఉచితంగా ఇచ్చేసి వస్తున్నారు.

2017 జులైలో టెక్ మహీంద్రా హెచ్‌ఆర్ ఉద్యోగిని ఒకరు ఒక ఇంజనీరుతో ఫోన్లో మాట్లాడిన ఆడియో దేశమంతా తిరిగింది. మర్నాడు ఉదయం పది గంటల్లోపు రాజీనామా పంపాలి. పంపితే అందరిలా వెళ్లిపోయినట్టు కాగితాలు వస్తాయి, పంపకపోతే తొలగింపు ఉత్తర్వు వస్తుంది. సారాంశం ఇదీ. అతను ఎందుకని అడిగితే ఖర్చు తగ్గించుకునే నిర్ణయమన్నది జవాబు. గోల పెరిగాక ఆనంద్ మహీంద్రా స్వయంగా క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణ సంగతి అలా ఉంచి, ఆ ఫోన్ కాల్‌లోని వింతను చూడాలి. తీసేసే అధికారం మాకుంది అని చెబుతున్న కంపెనీ, ఆ అధికారాన్ని వాడుకోకుండా రాజీనామా కోసం అంత పట్టుబట్టడం దేనికి?

లెక్క వేస్తే తెలుస్తుంది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ని మిగులు సిబ్బంది పేరుతో తీసేస్తే నెల ముందు నోటీసు గానీ, బదులుగా నెల జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏటికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ సూత్రం, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ నిలిచింది. కొత్త పనులు నేర్చుకునే నిధి పేరుతో మరో పదిహేను రోజుల వేతనాన్ని కోడ్ దానికి జోడించింది. నెలకు 18 వేల వేతనంతో ఎనిమిదేళ్లు చేసిన మనిషి ఉన్నాడనుకుందాం. పరిహారం 72 వేలు, నోటీసు జీతం 18 వేలు, నిధి నుంచి 9 వేలు. వెరసి 99 వేలు. అదే మనిషి "నా వ్యక్తిగత కారణాల వల్ల" అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాసిస్తే ఇందులో ఒక్క రూపాయి రాదు. గ్రాట్యుటీ మాత్రం ఈ రెండు విధాల్లో ఎలా వెళ్లినా వస్తుంది. ఐదేళ్లు దాటింది కాబట్టి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ ఎనిమిదితోనూ గుణిస్తే సుమారు 83 వేలు. "లెటర్ ఇవ్వకపోతే గ్రాట్యుటీ రాదు" అని బెదిరించే హెచ్‌ఆర్ గదులు ఇప్పటికీ ఉన్నాయి. అది అబద్ధం.

డబ్బు పోవడంతోపాటు కేసు కూడా బలహీనపడుతుంది. తీసేసినవాడు లేబర్ కోర్టుకు వెళ్తే, ఎందుకు తీసేశారో యాజమాన్యం చెప్పుకోవాలి. రాజీనామా చేసినవాడు వెళ్తే, తన చేత బలవంతంగా రాయించారని తానే రుజువు చేసుకోవాలి. ఈ రక్షణ అందరికీ లేదన్నదీ నిజమే. మేనేజర్లు, నెలకు 18 వేలు దాటిన సూపర్‌వైజర్లు కోడ్ ప్రకారం కార్మికుల కిందికి రారు. వాళ్ల భవిష్యత్తు ఆఫర్ లెటర్‌లోని షరతుల్లో ఉంటుంది. ఐటీ ఉద్యోగులు ఏ గట్టున ఉన్నారన్నది ఇంకా నలుగుతున్న విషయం.

ఇంత ఖర్చున్నప్పుడు, లెక్క తెలిసిన యాజమాన్యం మనిషిని తీసేయదు. విసిగిస్తుంది. రాత్రికి రాత్రి వేరే జిల్లాకు బదిలీ, వరసపెట్టి నైట్ షిఫ్టులు, పదేళ్ల అనుభవమున్నవాడికి నిన్న చేరిన కుర్రాడి కింద పని, మీటింగులకు పిలవకపోవడం, సిస్టమ్ లాగిన్ పనిచేయకపోవడం. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ చట్టవిరుద్ధంలా కనబడదు. అన్నీ కలిస్తే మనిషి తనంతట తానే తెల్లకాగితం తీస్తాడు.

ఉక్కు కర్మాగారంలో ఈ విసిగించే పనికి గేట్ పాస్ అనే సాధనం ఉంది. కాంట్రాక్టు కార్మికుడికి అపాయింట్‌మెంట్ ఆర్డర్ కన్నా అరచేతి సైజు పాస్ ముఖ్యం. అది యంత్రానికి చూపిస్తే లోపలికి, చూపించలేకపోతే బయటికి. 2024 అక్టోబర్ మొదట్లో సుమారు నాలుగు వేల మంది కాంట్రాక్టు కార్మికుల పాసులు ఒక్కసారిగా పనిచేయకుండా పోయాయి. అంత పెద్ద సంఖ్యలో పోవడమే వాళ్లకు రక్ష అయింది. అందరూ ఒకేచోట చేరి ఆందోళనకు దిగారు. కేంద్ర కార్మిక శాఖ ప్రాంతీయ కమిషనర్ దగ్గర చర్చలు జరిగి పాసులు మళ్లీ పనిచేశాయి. ఆ తరవాత ఏడాది తొలగింపులు విడతలవారీగా మళ్లీ మొదలయ్యాయి. 2025 మే 20న కాంట్రాక్టు సంఘాలు నిరవధిక సమ్మె పట్టాయి. కొద్ది కొద్దిమందిని తీసేస్తే గేటు ముందు గుంపు తయారుకాదన్న పాఠం యాజమాన్యం 2024లోనే నేర్చుకున్నట్టుంది.

ఈ కార్మికుల్లో నిర్వాసిత కుటుంబాలవారు చాలామంది ఉన్నారు. కర్మాగారం కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి, సుమారు 22 వేల ఎకరాలు పోయాయి. తాత భూమి ఇచ్చిన చోట మనవడు కాంట్రాక్టు కూలి. ఇతనికి "నచ్చకపోతే మానేయ్" అని చెప్పేవాళ్లు ఏ ఊరికి పొమ్మంటున్నారో కూడా చెప్పాలి. పర్మినెంట్ ఉద్యోగుల కథ వేరేగా నడిచింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా తలూపింది. ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం కూడలిలో దీక్షలు నడిచాయి. 2025 జనవరి 17న 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ వచ్చింది. ఆ వెంటనే స్వచ్ఛంద పదవీ విరమణ పథకమూ వచ్చింది. వెయ్యిమందికి పైగా వెళ్లిపోయారు. జీతాలు ఆలస్యంగా, విడతలుగా అందుతున్న రోజుల్లో పెట్టిన ఆ సంతకాలను పూర్తిగా ఇష్టపూర్వకమని లెక్కగట్టడం కష్టం. అయినా, వాళ్లు చేసింది తప్పని అనడానికి ఎవరికీ హక్కు లేదు. కాగితం మీద లెక్కతో, చేతికి డబ్బుతో వెళ్లడం వేరు. విసుగెత్తి ఊరికే వెళ్లడం వేరు.

విసిగించే ఓపిక కూడా లేని యజమాని ఇంకో దారి పడతాడు. "నువ్వే మానేశావు" అని తానే ప్రకటిస్తాడు. తెలుగు నేల మీద దీనికి అతిపెద్ద ఉదాహరణ ప్రభుత్వ రంగంలోనే జరిగింది. 2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెలోకి వెళ్లారు. గడువులోగా డ్యూటీలో చేరని సుమారు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగం వదులుకున్నారని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చేశారు. "సెల్ఫ్ డిస్మిస్" అన్న మాట ఆ దసరాకు ఇంటింటికీ చేరింది. 52 రోజుల తరవాత సమ్మె ముగిసింది, నవంబర్ 29 నుంచి అందరూ విధుల్లో చేరారు. మానేశారన్న 48 వేల మందిలో రాజీనామా రాసినవాడు లేడు కాబట్టే అది సాధ్యమైంది. చట్టం కూడా అదే చెబుతుంది. గైర్హాజరయ్యాడన్న కారణంతో విచారణ లేకుండా పేరు కొట్టేయడం చెల్లదని 1993లోనే డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ అమ్మలూ 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో ఎస్మా ప్రయోగించారు, తొలగిస్తామని నోటీసులిచ్చారు. వాళ్లూ కదల్లేదు.

ఇక్కడిదాకా చదివి, ఏం జరిగినా కుర్చీ వదలొద్దన్నదే ఈ వ్యాసం వాదన అనుకుంటే పొరపాటు. ప్రాణం మీదికి వచ్చే చోట ఈ లెక్కలేవీ పనికిరావు.

2020 జూన్ 29 రాత్రి పరవాడ ఫార్మాసిటీలోని సాయినార్ లైఫ్ సైన్సెస్‌లో గ్యాస్ లీకై ఇద్దరు చనిపోయారు. 2022లో అచ్యుతాపురం బ్రాండిక్స్ ప్రాంగణంలోని దుస్తుల కర్మాగారంలో జూన్ 3న ఒకసారి, ఆగస్టు 2న ఇంకోసారి విషవాయువు కమ్మింది. రెండుసార్లూ వందకు పైగా మహిళలు వాంతులు చేసుకుంటూ ఆసుపత్రుల్లో చేరారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోనే ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడుకు 17 మంది బలయ్యారు. రెండు రోజులు గడవకుండానే పరవాడలో సినర్జిన్ కంపెనీలో ప్రమాదం. ఈ తేదీలన్నీ ఈ ప్రాంతంలో జీతగాళ్ల ఇళ్లకు కంఠతా వచ్చు. అయినా మర్నాడు బస్సు నిండుతుంది. ఊరి పొలిమేరలో పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న ఉద్యోగం దొరికిన ఆడపిల్ల దాన్ని వదిలి ఎక్కడికి వెళ్తుంది? భోపాల్ గ్యాస్ ప్రమాదం తరవాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక సెక్షన్ చేరింది. ముంచుకొస్తున్న ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి, ఇన్‌స్పెక్టర్ దృష్టికి తీసుకెళ్లే హక్కు కార్మికుడిదని అది చెప్పింది. కొత్త భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. కానీ ఆ క్షణంలో పని ఆపి బయటికి నడిచే హక్కును మాత్రం అంత తేటగా రాయలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం అలా నడిచి వెళ్లినవాడిని శిక్షించకూడదని చెబుతుంది. వాల్వ్ దగ్గర వాసన తేడాగా వస్తున్నప్పుడు ఏ కోడ్ ఏం చెప్పిందో వెతకడం అనవసరం. బయటికి వచ్చేయాలి. రాజీనామా, నోటీసు పీరియడ్, మిగతా కాగితాల సంగతి మర్నాడు చూసుకోవచ్చు.

లైంగిక వేధింపుల విషయంలోనూ చాలామంది ఆడవాళ్లు ఫిర్యాదు కన్నా మానేయడమే మర్యాద అనుకుంటారు. వేధించినవాడు అదే కుర్చీలో ఉంటాడు. 2013 చట్టం మధ్యలో ఒక దారి చూపింది. విచారణ జరుగుతున్నంతకాలం బాధితురాలిని గానీ ఆరోపణ ఉన్న వ్యక్తిని గానీ బదిలీ చేయమని అడగవచ్చు, మూడు నెలల దాకా సెలవు కోరవచ్చు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట్ల జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదుకు మామూలు గడువు మూడు నెలలు. ఉద్యోగం మానేసి, కోలుకుని, అప్పుడు ఆలోచిద్దామనుకునేసరికి ఆ మూడు నెలలూ అయిపోతాయి.

మానేయాలనుకున్నా మానేయలేనివాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి సలహా కాలమ్స్‌లో తక్కువ రాస్తారు. ప్రైవేటు కాలేజీల్లో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేసే అలవాటు రాష్ట్రమంతా తెలిసిందే. నాలుగు నెలల జీతం బాకీ ఉన్నా లెక్చరర్ కదలడు, డిగ్రీ వాళ్ల తాళం కింద ఉంది కాబట్టి. ఇటుక బట్టీల దగ్గర ఆ తాళం పేరు అడ్వాన్సు. ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబం ఆ బాకీ తీరేదాకా బట్టీ వదలకూడదు. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బట్టీ దాకా ఆ తీర్పు నడిచి రావడానికి ఇంకా తీరిక చిక్కలేదు. గల్ఫ్‌లో సేఠ్ వీసాతో ఉన్నవాడు హింస భరించలేక పారిపోతే "ఖల్లివెల్లి" అవుతాడు. దొరికితే జైలు, లేదంటే క్షమాభిక్ష కోసం ఎదురుచూపు. యూఏఈ 2024లో అలాంటి అవకాశం నాలుగు నెలలు ఇచ్చింది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వెసులుబాటును ఖతర్ 2020లో తెచ్చింది. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మన ఇంజనీరు పరిస్థితి ఏసీ గదిలో ఉంటుంది గానీ మూలం అదే. ఉద్యోగం పోయిన రోజు నుంచి అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి.

బాండ్ల గురించి ఒక మాట. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలన్న షరతు ఏదైనా చెల్లదని కొందరు ధైర్యం చెబుతుంటారు. 2025 మే 14న విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు వేరేగా చెప్పింది. మూడేళ్లు నిండకుండా వెళ్లిన అధికారి 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. పోటీ పరీక్షలు పెట్టి నియమించుకునే ప్రభుత్వ రంగ బ్యాంకుకు మధ్యలో ఖాళీ ఏర్పడితే జరిగే నష్టాన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన తీర్పు అది. దాన్ని చూపించి సందు చివర కోచింగ్ సెంటర్ ఐదు లక్షలు అడిగితే అదే న్యాయం అవ్వదు. సంతకం చేసేముందు చదవడమే ఇక్కడ అసలు ఉపాయం. చదవకుండా చేసినవాళ్లు వెళ్లేముందైనా చదవాలి.

ఉండాలని నిర్ణయించుకున్నవాళ్లు ఉండే ప్రతి నెలనూ కాగితంగా మార్చుకోవాలి. టెక్ మహీంద్రా ఇంజనీరు దగ్గర ఆ ఆడియో లేకపోతే ఆ క్షమాపణా ఉండేది కాదు. నోటితో చెప్పిన బదిలీకి, "సార్, మీరు ఈరోజు చెప్పిన ప్రకారం రేపటి నుంచి ఫలానా చోట రిపోర్ట్ చేస్తున్నాను, లిఖితపూర్వక ఉత్తర్వు పంపగలరు" అని ఒక మెయిల్ పెడితే చాలు. అందులో గొడవ లేదు. తేదీ ఉంది. ఏ ఆఫీసుకు వెళ్లాలో తెలియక తిరిగేవాళ్లు కూడా ఎక్కువే. ఉక్కు కర్మాగారం, పోర్టు లాంటి కేంద్ర సంస్థల్లో కాంట్రాక్టరు కింద చేసినా సరే, వివాదం కేంద్ర కార్మిక శాఖ ప్రాంతీయ కమిషనర్ దగ్గరికి వెళ్తుంది. ఫార్మా కంపెనీ, స్కూలు, షోరూమ్ అయితే రాష్ట్ర కార్మిక శాఖ. ఈ కిటికీకి వెళ్లాల్సిన అర్జీ ఆ కిటికీలో ఇచ్చి ఆరు నెలలు పోగొట్టుకోవడం పెందుర్తి నుంచి పరవాడ దాకా వినిపించే కథే. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు సంస్థ ఇవ్వాలన్నది 1970 నుంచీ ఉన్న నిబంధన. ఆ అర్జీలో కాంట్రాక్టరు పేరుతోపాటు కంపెనీ పేరూ రాయాలి.

పీఎఫ్ పాస్‌బుక్ ఒకసారి తెరిచి చూస్తే ఇంకా సంగతులు బయటపడతాయి. కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా మనిషి అదే మిషను దగ్గర ఉంటాడు, ఖాతా మాత్రం కొత్తది పుడుతుంది. పాత ఖాతాలను కలపకపోతే పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసు ముక్కలుగా మిగిలిపోతుంది. జీతంలో కోత పడుతున్నా ఖాతాలో జమ కనబడని నెలలు ఉంటే, అది ఫిర్యాదుకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. యాజమాన్యం చేసిన తప్పును ప్రభుత్వ రికార్డే చూపిస్తోంది కదా.

వెళ్లిపోవాలనుకున్నవాళ్లకు సమయమే బలం. బోనస్ నెల దాటిందా, గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాయా, ఇంకో చోట ఆఫర్ కాగితం రూపంలో చేతిలో ఉందా చూసుకోవాలి. నోటిమాట ఆఫర్‌ను నమ్ముకుని ఉన్నది వదిలేసి రెంటికీ చెడ్డవాళ్లు ప్రతి కాలనీలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. రాసే లెటర్‌లో "వ్యక్తిగత కారణాలు" అన్న అలవాటు మాట ఎందుకు? మూడు నెలలుగా జీతం రాలేదు కాబట్టి వెళ్తున్నాను అని ఉన్నదున్నట్టు రాయవచ్చు. రేపు కోర్టుకెళ్తే ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది. కోపంలో రాసిచ్చినా దారి మూసుకుపోదు. అమల్లోకి రాకముందు రాజీనామాను వెనక్కి తీసుకోవచ్చు. కొంకణ్ రైల్వేలో ఇరవై మూడేళ్లు పనిచేసిన ఉద్యోగి ఒకరు 2013 డిసెంబర్‌లో రాజీనామా ఇచ్చి, తరవాత వెనక్కి తీసుకున్నారు. యాజమాన్యం ఒప్పుకోలేదు. 2024లో సుప్రీంకోర్టు ఆయన్ను ఉద్యోగంలోకి తీసుకోమంది. వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినా, తీసేసినా, బాకీ జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. "ఫుల్ అండ్ ఫైనల్‌కు నలభై ఐదు రోజులు పడుతుంది" అన్నది కంపెనీ ఆనవాయితీ మాత్రమే. పాత యజమాని పీఎఫ్ పోర్టల్‌లో వెళ్లిపోయిన తేదీ ఎక్కించకపోతే, ఆఖరి జమ పడిన రెండు నెలల తరవాత ఉద్యోగే ఎక్కించుకోవచ్చు. అవసరానికి పీఎఫ్ తీసుకున్నా, పింఛను భాగాన్ని కదపకుండా 10సి ఫారంతో స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే చేసిన ఏళ్లు పోవు.

అమెరికాలో 2021 నవంబర్ ఒక్క నెలలోనే 45 లక్షల మంది ఉద్యోగాలు వదిలారు. దాన్ని ధైర్యమని పొగుడుతూ మన దగ్గరా యూట్యూబ్ వీడియోలు వచ్చాయి. అక్కడ ఆ నెలలో ఉద్యోగాలు మనుషుల కోసం వెతుక్కుంటున్నాయి. ఇక్కడ ఒక పోస్టుకు వందమంది గేటు దగ్గర బయోడేటాలు పట్టుకుని ఉంటారు. ఆ వీడియో చూసి పెందుర్తిలో లెటర్ ఇచ్చేవాడికి ఆ తేడా ఎవరూ చెప్పరు.

మనం చూడాల్సింది అమెరికాను కాదు, ఇటలీని. అక్కడ చాలాకాలం ఒక పాపిష్టి అలవాటు ఉండేది. ఉద్యోగంలో చేర్చుకునే రోజునే తేదీ లేని రాజీనామా మీద సంతకం పెట్టించుకునేవారు. ముఖ్యంగా ఆడవాళ్ల చేత. గర్భం వస్తే ఆ కాగితం మీద తేదీ వేసేస్తే సరి. దీన్ని ఆపడానికి 2016 మార్చి 12 నుంచి ఇటలీ ఒక నియమం అమలుచేస్తోంది. చాలావరకు ఉద్యోగాల్లో, ఉద్యోగి ప్రభుత్వ కార్మిక శాఖ వ్యవస్థ ద్వారా ఆన్‌లైన్‌లో ఇస్తేనే రాజీనామా చెల్లుతుంది. ఇచ్చిన ఏడు రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. కంపెనీ బీరువాలోని కాగితానికి విలువ లేదు. బ్రిటన్ ఇంకో వైపు నుంచి వచ్చింది. యజమాని ప్రవర్తన వల్ల ఉద్యోగి వెళ్లిపోవాల్సి వస్తే, దాన్ని తొలగింపుగానే లెక్కగట్టే నియమం 1996 చట్టంలో ఉంది.

మన నాలుగు కార్మిక కోడ్‌లలో ఈ రెండూ లేవు. లక్షల పేజీల డిజిటల్ రికార్డు నడుపుతున్న దేశానికి ఇది పెద్ద పని కాదు. ప్రతి పీఎఫ్ చందాదారుకూ యూఏఎన్ సంఖ్య ఉంది, ఆధార్ ఓటీపీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌కైతే 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ ఉంది. పన్ను కట్టడానికీ, సర్టిఫికెట్లు తీసుకోవడానికీ పనికొచ్చే ఆ సేవలో రాజీనామా నమోదుకు ఒక వరస పెట్టవచ్చు. పేరు, సంస్థ, ఆఖరి పనిదినం, బాకీ జీతం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయి, ఎవరైనా ఒత్తిడి చేశారా. చివర ఏడు రోజుల ఉపసంహరణ మీట. హెచ్‌ఆర్ గదిలో తలుపు వేసి రాయించుకున్న కాగితం అలా చెల్లకుండా పోతుంది.

పెట్టుబడులు వెనక్కి పోతాయని కొందరు అంటారు. పరిశ్రమలకు అనుకూలంగా ఉండాలన్న కారణంతోనే 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పనివేళల పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి ఆమోదం తెలిపింది. మూడు నెలలకు ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144కు పెంచడానికీ ఒప్పుకుంది. యజమానుల కోసం అంత దూరం నడిచిన ప్రభుత్వం, కార్మికుడి రాజీనామా అతనే రాశాడో లేదో ఒకసారి ఫోన్లో అడిగి తెలుసుకోవడానికి అభ్యంతరం ఏమిటో చెప్పాలి. పరవాడ బస్సెక్కేవాళ్ల ఓట్లతో శాసనసభకు వెళ్లినవారు సభలో ఆ మాట అడగాలి.